అక్కకు వచ్చిన ముప్పై ఒక్క మార్కులు

వాషింగ్ మెషీన్లు అమ్మి, బాగుచేసే ఆ కంపెనీలో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర పన్నెండేళ్లుగా కూర్చునే ఆవిడను అందరూ అక్క అనే పిలిచేవారు. ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం. అలాంటిది, ఎక్కడినుంచో ఒక పరీక్ష ఊడిపడి ఆ కుర్చీకే ఎసరు పెట్టింది.

ఎదుటివాళ్ల మనసు ఎవరికెంత తెలుస్తుందో, తమ మనసును ఎవరెంత అదుపులో పెట్టుకుంటారో తేల్చే పరీక్షట. నలభై ప్రశ్నలు, ఎవరికి వారే మార్కులు వేసుకోవాలి. ఇంతకన్నా విడ్డూరం ఉంటుందా? రోజంతా "అలాగేనండీ" అనడమే పనైనవాళ్లు, కాగితం ఏమడిగినా అలాగేనండీ అని టిక్కు పెట్టేశారు. పక్క కౌంటరాయనకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. అక్క మాత్రం ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి ఆలోచించింది. కోపం వస్తుందా? ఎందుకు రాదూ, వస్తుంది. ఆఫీసులో ఏడ్చారా? ఏడ్చాను. ఎదుటివాళ్లను తప్పుగా అర్థం చేసుకున్నారా? ఎన్నిసార్లో. ముప్పై ఒకటి వచ్చింది. సోమవారం నుంచి గోడౌనులో విడిభాగాలు సర్దుకోమన్నాడు మేనేజరు. ఆవిడ బాత్రూములో తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఒకాయన నిప్పులు చెరుగుతూ వచ్చాడు. నెలలో మూడుసార్లు బాగుచేసిన మెషీను మళ్లీ ఆగిపోయిందట. తొంభై ఆరు మార్కులాయన నవ్వు పులుముకుని, మీ బాధ నాకు పూర్తిగా అర్థమైందని మొదలుపెట్టాడు. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. వచ్చినాయన బల్ల గుద్దాడు, మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

అక్క చూపు వచ్చినాయన చేతుల మీద పడింది. నీళ్లలో నాని నాని ముడతలు పడ్డాయి, వేళ్ల సందుల్లో చర్మం ఊడుతోంది. ఆవిడ కౌంటరు దాటి వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"ఇంట్లో మంచాన పడింది ఎవరండీ?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"మా అమ్మండీ. రోజుకి ఆరు దుప్పట్లు చేత్తోనే ఉతుకుతున్నాను. నా బాధ చాకిరీకి కాదండీ... నిన్న ఆవిడ మీద అరిచాను."

అక్కకు కళ్లు నిండాయి. ఏడుస్తూనే ఫోను తీసి మెకానిక్కుకు చెడామడా చివాట్లు పెట్టింది. షోరూములో ఉన్న కొత్త మెషీను గంటలో ఈయన ఇంటికి చేరాలంది, లేదంటే తనే మోసుకెళ్తానంది. మేనేజరును అడగనైనా లేదు.

"అలిసిపోతే ఎవరైనా అరుస్తారండీ. నేనూ మా అమ్మ మీద అరిచాను. వెళ్లి కాసేపు పక్కన కూర్చోండి, చాలు" అంది ఆయనతో.

ఆయన కళ్లు తుడుచుకుని వెళ్లాడు. మేనేజరు గొంతు సవరించుకుని, మరి పరీక్షలో అంత తక్కువ ఎందుకొచ్చాయని నెమ్మదిగా అడిగాడు.

"నిజం రాశానండీ. గోడౌనుకి మాత్రం నేను వెళ్లను."

పన్నెండేళ్లలో ఆవిడ మేనేజరు మాట కాదనడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున్నే అక్క తన కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఆ పక్కనే ఇంకో కుర్చీ వేసుకుని, పని నేర్చుకోవడానికి మేనేజరే వచ్చి కూర్చున్నాడు.