ఎనిమిది వందలంటే ఎనిమిది వందలే

పొద్దున్న ఏడున్నరకు మేనేజరు రొప్పుతూ మేడ మీదికి వచ్చాడు. ఆయన మెట్లెక్కాడంటే ఎవరో పెద్దవాళ్ళకు ఏదో కావలసి వచ్చిందని అర్థం. మామూలు రోజుల్లో ఆ మేడ మీద మనిషి బతికి ఉందో లేదో కూడా ఆయనకు పట్టదు.

అది ఒక కంపెనీ సొంతంగా నడుపుకునే చిన్న విమానాశ్రయం. ఒక రన్‌వే, ఒక పెట్రోలు షెడ్డు, మేడ మీద ఒక అద్దాల గది. ఆ గదిలో పద్దెనిమిదేళ్ళుగా ఒకే మనిషి. పైలట్లు ఆవిడను కళ్ళజోడక్క అంటారు. అరగంటకోసారి బయటికి వచ్చి, పిట్టగోడ దగ్గర నిలబడి, ఎంత దూరం కనబడుతోందో చూసి, పుస్తకంలో రాసి, రేడియోలో చెప్పడం ఆవిడ పని. దీనికి యంత్రం కొంటామని కంపెనీ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది. కొనదు. యంత్రాన్ని బెదిరించడం కుదరదు కదా.

కొలత తేలికే. పెట్రోలు షెడ్డు కనబడితే మూడు వందల మీటర్లు. నీళ్ళ ట్యాంకు కనబడితే ఎనిమిది వందలు. మిల్లు పొగగొట్టం కనబడితే పదిహేను వందలు. గొట్టం కనబడకపోతే విమానం ఇక్కడ దిగకూడదు, పక్క ఊరికి పోవాలి.

ఆ రోజు మంచు ముసురుకుని ఉంది, పైకి పోయేకొద్దీ ఇంకా చిక్కగా. నీళ్ళ ట్యాంకు ఉందా లేదా అన్నట్టు కనబడుతోంది. దాని వెనక ఏమీ లేదు.

"ఎంత రాశావమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఎనిమిది వందలు."

"అదేంటి, గొట్టం కనబడుతోందిగా! అదుగో, సన్నగా."

ఆయన వేలు సరిగ్గా గొట్టం ఉండే చోటికే పోయింది. అబద్ధం ఆడుతున్నాడనుకోకండి. ఆయనకు నిజంగానే కనబడింది. ఈ పనికున్న పెద్ద రోగం అదే. ఫలానా చోట ఫలానాది ఉందని తెలిస్తే చాలు, కన్ను తనే ఒక గీత గీసుకుంటుంది. ఎనిమిదేళ్ళ కిందట కళ్ళజోడక్క కూడా అలాగే గీసుకుని పదిహేను వందలు రాసింది. ఆ మాట నమ్మి దిగిన విమానం రన్‌వే దాటిపోయి కంచెలో ముక్కు పెట్టింది. పైలట్‌కు రెండు కాళ్ళూ విరిగాయి. ఆవిడను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనలేదనే ఆవిడకు ఇప్పటికీ మంట.

అప్పటినుంచి ఆవిడకొక పద్ధతి. అనుమానం వస్తే, ఈ చోటు బొత్తిగా ఎరగని మనిషిని పట్టుకొచ్చి అడుగుతుంది. ఆ రోజు షెడ్డులో పెట్రోలు దింపేసి వచ్చి మేడ కింద లారీ ఆపుకున్న డ్రైవరు కొత్తవాడు.

"డ్రైవరన్నా, ఒకసారి పైకి వస్తావా?"

"నేనేం చేశానమ్మా? బండి అడ్డం కూడా పెట్టలేదే!"

"నువ్వేం చెయ్యలేదు. నీ కళ్ళు కావాలి."

అతను చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు.

"అటు చూసి ఏమేం ఉన్నాయో చెప్పు."

"నీళ్ళ ట్యాంకు ఉంది."

"దాని వెనక?"

"వెనకా? పాలు ఒలికినట్టుంది, అంతే."

మేనేజరు ఆగలేకపోయాడు. "సరిగ్గా చూడవయ్యా. సన్నగా గొట్టం లేదూ?"

"మీరు చెప్పాక ఉన్నట్టే అనిపిస్తోంది సార్. ఇంకో రెండుసార్లు చెప్పండి, పొగ కూడా వస్తుంది."

మేనేజరు అతణ్ణి కసిరి కిందికి పంపేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "కంపెనీ పెద్దాయన ఇప్పుడొచ్చే విమానంలోనే ఉన్నారు. తొమ్మిదింటికి మీటింగు. నడిపేది ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు."

అక్కర్లేదు. నడిపేది ఆవిడ సొంత తమ్ముడు. ఏడాదిలో మూడుసార్లు పక్క ఊరికి తిప్పిన పైలట్‌ను కంపెనీ ఇంటికి పంపేస్తుంది. ఎక్కడా రాసి ఉండదు, కానీ పంపేస్తుంది. తమ్ముడికి రెండుసార్లు అయిపోయాయి.

"పదిహేను వందలు రాయి. నీ తమ్ముడి ఉద్యోగం నిలబడుతుంది."

అంతలో రేడియో గరగరలాడింది. రేడియోలో చుట్టరికాలు కలపకూడదు. తమ్ముడు ఎప్పుడూ కలపలేదు. ఆ రోజు కలిపాడు.

"అక్కా, గొట్టం కనబడుతోందా?"

"ట్యాంకు దాకానే. ఎనిమిది వందలు."

"మూడోసారి అక్కా. నీకు తెలుసుగా. ఊఁ అను చాలు, మిగతాది నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావురా? చూడటానికి అక్కడేమీ లేదనేగా చెబుతున్నా!"

"పెద్దాయన వెనకనుంచి భుజం తడుతున్నాడు."

"చెయ్యి తియ్యమని చెప్పు."

మేనేజరు మైకు లాక్కోబోయాడు. ఆవిడ దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. "దీన్ని ముట్టుకున్నారంటే, మీరు చెప్పమన్న మాటలన్నీ ఇదే పుస్తకంలోకి ఎక్కుతాయి. టైముతో సహా."

"ఒకసారి కిందికి వచ్చి చూస్తా" అన్నాడు తమ్ముడు.

ఆకాశంలో ఉన్నవాణ్ణి పట్టుకు ఆపే చెయ్యి ఎవరికీ లేదు. "నాలుగొందల అడుగుల ఎత్తు దాకానే" అంది ఆవిడ. "అక్కడ రన్‌వే కనబడలేదో, పైకి లేపెయ్. అమ్మ మీద ఒట్టు."

ఇద్దరూ పిట్టగోడ దగ్గరికి పరుగెత్తారు. మోత వినబడింది. మంచులో మోత ఎటునుంచి వస్తోందో తెలిసి చావదు. అన్ని వైపులనుంచీ వచ్చినట్టుంది. ఒక్కసారిగా దగ్గరైంది. రన్‌వే మీద కాదు, ఎడమ పక్కన, పెట్రోలు షెడ్డు మీద. డ్రైవరు లారీ కిందికి దూరాడు. అద్దాలు గడగడలాడాయి. అప్పుడు ఇంజను గట్టిగా గర్జించి, మోత పైకి పైకి పోయింది.

పదిహేను వందల మీటర్ల దూరాన గొట్టం చూసిన మేనేజరుకు నెత్తిమీది విమానం కనబడలేదు.

"పక్క ఊరికి పోతున్నా" అంది రేడియో. తమ్ముడి గొంతు తమ్ముడిలా లేదు.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. సిగ్గుపడతాడనుకుంటే మీరు మేనేజర్లను చూడనట్టే. "సరే, పోయాడు. ఇప్పుడా అంకెను పదిహేను వందలని దిద్దు. దిగగలిగి కూడా తిరిగిపోయాడని రాసుకుంటాం."

"వాణ్ణి తీసెయ్యడానికి నా చేత్తోనే కాగితమా?"

"దిద్దకపోతే నిన్నూ తీసేస్తారు."

"తీసెయ్యండి. పద్దెనిమిదేళ్ళు ఎక్కిన మెట్లు, దిగడం నాకు చేతకాకపోదు. కానీ అంకె నాది. ఎనిమిది వందలంటే ఎనిమిది వందలే. ఎవరి ముందు నిలబెట్టి అడిగినా అంతే." పిట్టగోడ మీదుగా వంగి కేకేసింది. "డ్రైవరన్నా! ఇందాక ఏం కనబడిందో రాసి సంతకం పెడతావా?"

"సంతకమేంటమ్మా, పది వేళ్ళూ వేస్తా!" అంది లారీ కిందినుంచి గొంతు.

మేనేజరు చరచరా మెట్లు దిగిపోయాడు.

గంట తర్వాత తమ్ముడు ఫోను చేశాడు. "అయిపోయింది. రేపటినుంచి రావద్దన్నాడు పెద్దాయన. ఒక్క అంకె అక్కా! సొంత అక్కవై ఉండి ఒక్క అంకె వెయ్యలేకపోయావు. అసలు నువ్వు మనిషివేనా? ఇంటికెళ్ళి ఏం చెప్పుకోను?"

"తిట్టు" అంది ఆవిడ, కుర్చీలో కూలబడుతూ. "బాగా తిట్టు."

వాడు తిట్టాడు. ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, ఒక్క మాట జారిపోకుండా విన్నది. వాడికి ఊపిరి ఆడక ఆగినప్పుడు అంది:

"కొన్ని తిట్లు మిగుల్చుకోరా. అన్నీ నా మీదే అవగొట్టకు. రేపు పొద్దున్న పెద్దాయన గది ముందు ఇద్దరం కూర్చుంటున్నాం. పుస్తకం నేను తెస్తా."