కష్టం లేని పిల్ల

ప్రభుత్వాఫీసు ముందు వరండాలో టైపు మిషను పెట్టుకుని, వేళ్ళు మొరాయించేదాకా జనానికి అర్జీలు కొట్టిపెట్టిన మనిషి ఆమె. అందుకే బడి పిల్లలు ఆమెని అర్జీల మేడం అంటారు. ఎదురుగా మాత్రం మేడం అంటారు. ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్ళు ఒక్కరూ లేని పిల్లలకి శనివారం శనివారం వచ్చి కాస్త దారి చూపించమని హెడ్మాస్టరు అడిగితే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం కంటే నయమని ఒప్పుకుంది.

దరఖాస్తు ఎలా నింపాలో, హాస్టల్ అంటే ఏమిటో, ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పనక్కర్లేదనీ చక్కగానే చెప్పింది. ఆ ముక్కల్లో ఆమెకి వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కంతా ఉచితంగా సీటిచ్చే కాలేజీ పెట్టే ఇంటర్వ్యూ దగ్గరే.

"అర్జీలో కష్టం లేకపోతే ఆ కాగితం అడుగున పడుతుంది. ఇంటర్వ్యూ కూడా అంతే. ఒక్కొక్కళ్ళు ఒక్కో కష్టం పట్టుకురండి. గట్టిది" అంది.

పిల్లలు పట్టుకొచ్చారు. ఒకడు మామయ్య కాలు విరగడం తెచ్చాడు. ఒకమ్మాయి ఇల్లు కారడం తెచ్చింది. ఏమీ దొరకని ఇంకొకడు ఆ విరిగిన కాలు తనకీ కాస్త ఇమ్మని అడిగాడు. మామయ్యకి రెండు కాళ్ళున్నాయి కదా అన్నాడు. మేడం ఇద్దరినీ గోడవైపు తిప్పి నిలబెట్టింది. కష్టంలో కూడా నిజాయితీ ఉండాలంది.

మిగిలింది పకపక. ఆ పిల్ల అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, నవ్వడం మొదలుపెడితే ఆపదు కాబట్టి అందరూ పకపక అనే పిలుస్తారు. లిఫ్టు మెకానిక్ కూతురు. తల్లి ఆస్పత్రి దుప్పట్లు కుడుతుంది. లెక్కల్లో బడికంతటికీ మొదటిది. మేడం ఆశలన్నీ ఆ పిల్ల మీదే ఉన్నాయి.

"మాకు కష్టాలు లేవు మేడం" అంది పకపక.

"ఆలోచించు."

"ఆలోచించాను. అమ్మని కూడా అడిగాను. సోమవారం పూట కుళాయి సరిగ్గా రాదంది."

మేడంకి నీరసం వచ్చింది. ఇంత సుఖంగా బతికితే ఈ పిల్లకి సీటు ఎలా వస్తుంది? మీ నాన్న ఏం చేస్తాడో చెప్పమంది. లిఫ్టు తిరిగే పొడుగాటి గోతిని షాఫ్ట్ అంటారనీ, నాన్న అందులోకి దిగి గ్రీజు పూస్తాడనీ, లోపల చీకటనీ చెప్పింది పిల్ల. మేడం కళ్ళు వెలిగాయి. చీకటి అన్నమాట దొరికాక ఇంకేం కావాలి? వేళ్ళు మొరాయిస్తేనేం, నోరు బాగానే ఉంది. అప్పటికప్పుడు అల్లేసింది. చదువుకోలేని తండ్రి, గ్రీజు మరకలు, పగలన్నది తెలియని బతుకు, ఆయన్ని ఆ చీకట్లోంచి బయటికి లాగాలన్న కూతురి పంతం. పకపకకి అందులో ఒక్క ముక్కా తనదిగా అనిపించలేదు. కానీ పెద్దావిడ, అంత తాపత్రయపడుతోంది, కాదంటే ఏం బావుంటుందని బట్టీ పట్టేసింది.

ఇంటర్వ్యూకి వారం ముందు తరగతి గదిలో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టారు. ఇంట్లోవాళ్ళు వచ్చి వెనక బెంచీల్లో కూర్చోవాలన్నది మేడం రూలు. లేకపోతే కాలేజీ అనగానే పిల్లల్ని ఎవరో ఎత్తుకుపోతారన్నంత గాభరాపడతారు. లిఫ్టు మెకానిక్ పనిలోంచి తిన్నగా వచ్చాడు. కంపెనీ చొక్కా, జేబులో టెస్టరు. చిన్న బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు. కూతురి వంతు రాగానే పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "మా అమ్మాయి" అన్నాడు.

పకపక ఒక్క తప్పు లేకుండా చెప్పింది. చీకటి దగ్గర గొంతు తగ్గించింది, పంతం దగ్గర పెంచింది. వెనక బెంచీల్లో ముక్కులు చీదిన చప్పుడు. కాలు విరిగిన మామయ్య కూడా ఏడ్చాడు. మేడం తన జన్మలో అంత మంచి అర్జీ కొట్టలేదు.

లిఫ్టు మెకానిక్ ఏడవలేదు. లేచి వచ్చి, "బాగా చెప్పావమ్మా" అని కూతురి తల మీద చెయ్యి వేసి, గ్రీజు గుర్తొచ్చినట్టుంది, తీసేసి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకి పకపక మేడం ఇంటికి వచ్చింది. నవ్వు లేదు.

"నాన్న లిఫ్టు పని మానేశాడు మేడం. కంపెనీ స్టోర్సులో కుర్చీ పని అడిగి వేయించుకున్నాడు. గోతిలో పనిచేసేవాడి కూతురు అనిపించుకోకూడదట నేను. అన్నం తినేటప్పుడు ఏ లిఫ్టు ఏం పేచీ పెట్టిందో రోజూ చెప్పేవాడు. ఇప్పుడు ఏం చెప్పట్లేదు. నేను ఇంటర్వ్యూకి రాను."

"సీటు పోతుందే."

"పోనీండి. నాన్న మాట్లాడట్లేదంటే మీకు అర్థం కావట్లేదా?"

మేడంకి అర్థమైంది. ఎదుటివాళ్ళ కష్టాల మీద ఇన్నేళ్ళు అన్నం తిన్న మనిషి, కష్టం లేని ఇంట్లోకి ఒకటి తీసుకెళ్ళి పెట్టి వచ్చింది.

మర్నాడు స్టోర్సుకి వెళ్ళింది. నట్ల డబ్బాల మధ్య కుర్చీలో, బస్సు కోసం కూర్చున్నవాడిలా కూర్చుని ఉన్నాడాయన. చొక్కా తెల్లగా ఉంది.

"మీ అమ్మాయి ఇంటర్వ్యూకి రానంటోంది" అంది మేడం.

"వెళ్ళమనే చెప్పాను మేడం. బాగా చెప్పింది కూడాను."

"అది చెప్పింది కాదు. నేను చెప్పించింది."

"అవునా." ఆయన ఒక నట్టు తీసి వేలికి తొడిగి, తీశాడు. "అయినా మనసులో ఎక్కడో ఉంటేనే కదండీ నోట్లోకి వస్తుంది. ఇన్నాళ్ళూ ఇంటికెళ్ళి దానికి లిఫ్టు కబుర్లన్నీ చెప్పేవాణ్ణి. సరదాగా వింటోందనుకున్నాను. పాపం, నేను చీకట్లో ఉన్నానని జాలిపడుతోందని నాకేం తెలుసు?"

"జాలి నాది. దానిది కాదు. ఇన్నేళ్ళు అర్జీలు కొట్టాను, మనిషి బాగున్నాడని ఒక్కదాంట్లోనూ కొట్టలేదు. మీరు బాగున్నారంటే నాకు నమ్మకం కలగలేదు. తప్పు నాదే. క్షమించండి."

ఆయన చేతిలో నట్టు డబ్బాలో పడేశాడు. "టీ తాగుతారా?" అన్నాడు. తాగింది. కుర్చీ పని వదిలేస్తానని గానీ, వదలనని గానీ అనలేదు. ఇంటర్వ్యూకి కూతురి వెంట రావడానికి మాత్రం ఒప్పుకున్నాడు. నాన్న వస్తాడంటే పకపక కూడా సరేనంది.

"నేను చెప్పించింది మర్చిపో. ఉన్నది చెప్పు" అంది మేడం.

"కష్టం గురించి అడిగితే?"

"నాకు తెలీదు" అంది మేడం. ఆ మాట ఆమె నోట రావడం పిల్లలెవరూ ఎప్పుడూ వినలేదు.

ఇంటర్వ్యూ కాలేజీ పై అంతస్తులో. వరండాలో బల్ల మీద మేడం ఒక చివర, లిఫ్టు మెకానిక్ ఒక చివర కూర్చున్నారు. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత చోటుంది. ముందు వెళ్ళిన పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. కష్టాలు బాగానే వెళ్తున్నట్టున్నాయి. పకపక లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. మేడం చీర కొంగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టింది.

తలుపు తెరుచుకుంది.

"ఏమడిగారు?" అంది మేడం.

"మీరు పడ్డ కష్టం ఏమిటన్నారు. లేదన్నాను."

మేడం కళ్ళు మూసుకుంది.

"ఒకాయన మంచినీళ్ళు తాగాడు. పొద్దున్నుంచి వినీ వినీ అలిసిపోయినట్టున్నారు మేడం. మరి ఇంజనీరింగ్ ఎందుకన్నారు. మా నాన్న లిఫ్టు మెకానిక్ అని చెప్పాను. తాడు తెగితే లిఫ్టు పడిపోతుందా అని అడిగారు. ఇక అక్కణ్ణుంచి నేను ఆపలేదు."

"ఒక్క తాడు కాదు, చాలా ఉంటాయని చెప్పావా?" అన్నాడు తండ్రి. ఇంట్లో వారం రోజులుగా వినపడని గొంతు అది.

"చెప్పాను నాన్నా. బొమ్మ కూడా గీశాను. చివర్లో వాళ్ళలో పెద్దాయన, అయితే బాగా చదువుకుని మీ నాన్నని ఆ పనిలోంచి బయటికి తీసుకొస్తావన్నమాట అన్నాడు."

మేడం కొంగు వదిలేసింది. ఆ జాలి ఎక్కణ్ణుంచి పుడుతుందో ఆమెకి బాగా తెలుసు.

"ఏమన్నావు?" అన్నాడు తండ్రి. కూతురి వైపు చూడలేదు.

"బయటికెందుకండీ, చదువయ్యాక నేనే లోపలికి దిగుతాను, మా నాన్న రానిస్తే అన్నాను. రానిస్తావా నాన్నా?"

సీటు వచ్చిన సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజుకి మాత్రం ఆయన లేచి వెళ్ళి లిఫ్టు మీట నొక్కాడు. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆయన ఎక్కలేదు. వీళ్ళవైపు వీపు పెట్టి నిలబడి తెల్ల చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. తలుపులు మూసుకుపోయాయి.

"శబ్దం తేడాగా ఉంది" అన్నాడు, గొంతు సవరించుకుని. "రేపు మళ్ళీ లిఫ్టు పనిలోకి వెళ్ళాక మావాళ్ళకి చెప్తాను. మెట్ల మీంచి వెళ్దాం పదండి."

లిఫ్టుకి ఏమీ కాలేదని పకపకకి తెలుసు. మేడంకీ తెలుసు. మోకాళ్ళ నొప్పులతో ఆమె మెట్లన్నీ దిగింది.