టీ గదిలో అన్న మాట

“పేర్ల పక్కన పై నుంచి కిందికి వరసగా ఒకటి, రెండు, మూడు అంకెలు వేసేసి రావడమే కదే! దానికింత చదవడమెందుకు?” అన్నాడు ఎలియాజర్ మూడోసారి.

“డాడీ, దట్స్ ఎ డాంకీ వోట్!” కరోలిన్ చేతిలోని అభ్యర్థుల కాగితం వదల్లేదు.

“గాడిదనే అనుకో. ఓటేశాక బూత్ బయట అమ్మే సాసేజ్ కొనిపెడతాగా! అసలు అక్కడ మన దేశంలోనైతే ఓ పదేళ్లు మిలిటరీ పాలన పెట్టాలి. అంతా దార్లోకొస్తారు.”

కొడుకు డేనీ నవ్వాడు. ఈ మిలిటరీ మాటకి ఎప్పుడూ భార్య అమృతం కూడా నవ్వేది. ఇవాళ ఉప్మా కలుపుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

మూడు వారాల కిందట, తాను పనిచేసే వృద్ధుల హోమ్‌లో, టీ గదిలో ఆమె సరిగ్గా ఆ మాటే అంది. నలుగురూ నవ్వుతారని అంది. నవ్వారు కూడా. ఖిన్ మాత్రం నవ్వలేదు. ఖిన్‌ది బర్మా. రెండేళ్లుగా ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని ముసలివాళ్లని మంచం దించుతున్నారు. ఖిన్ తన ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. సిరా అంటిన చిటికెన వేలు.

“మా చెల్లెలు, టీచరు. ఈ ఓటు వేసిన మూడు నెలలకి సైన్యం వచ్చింది. మీ ఓట్లు చెల్లవంది. మా చెల్లెలు బడి మానేసి వీధిలో నిలబడింది. పట్టుకుపోయారు. ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు.”

ఆ తర్వాత తన కప్పుతోపాటు, రోజూలాగే, అమృతం కప్పు కూడా కడిగిపెట్టి వెళ్లిపోయింది.

మర్నాడే అమృతం మేనేజర్ని అడిగి షిఫ్టు మార్పించుకుంది. ఇంట్లో మాత్రం, మోకాళ్ల నొప్పుల వల్లనంది. పోయిన శనివారం కుటుంబ ప్రార్థనలో ముగ్గురూ కళ్లు మూసుకుని ఆమె మోకాళ్ల కోసం ప్రార్థించారు. ఆమె “ఆమెన్” కూడా అంది.

“సరే, ప్రార్థన చేసుకుని ఓటుకి పోదాం. మీ మనవులు చెప్పండి,” అన్నాడు ఎలియాజర్ సోఫాలో సర్దుకుంటూ.

“మమ్మీస్ నీస్,” అన్నాడు డేనీ.

“నా మోకాళ్లకేం లేదు నాన్నా,” అంది అమృతం, స్టవ్ ఆపి వచ్చి కూర్చుంటూ. ముగ్గురూ ఆమెవైపు చూశారు. ఆమె కార్పెట్‌కేసి చూస్తూనే టీ గదిలో జరిగింది చెప్పింది. “మీ మిలిటరీ మాట మోసుకెళ్లి ఆవిడ ముందు అన్నానండీ. అని, మొహం చెల్లక దాక్కున్నాను.”

“మరిప్పుడు?” అన్నాడు ఎలియాజర్.

“సోమవారం నుంచి పాత షిఫ్టుకే వెళ్తున్నాను. ఆవిడకి సారీ చెప్పాలి. వాళ్ల చెల్లెలి పేరు కూడా అడగలేదు నేను. కనుక్కొస్తాను. వచ్చే శనివారం ఆ పేరు పెట్టి ప్రార్థన చేద్దాం.”