మైమూన్ అరుగు

వాసవికి ఓర్వలేనితనం కొత్త కాదు. ఆమె పాతవూరు వదిలి రావడమే దానివల్ల. చెల్లెలు శిల్ప పులివెందులలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచింది. ఆ ఇంటి గేటు లోపల కారు నిలబడి ఉండడం చూసి వచ్చిన వాసవికి రెండు రోజులు ముద్ద దిగలేదు.

"మన వీధిలోకి కారు దేవుడెరుగు, ఆటో గూడా సగం దూరమే వస్తాది. ఇంగెన్నాళ్లు ఈ సందుల్లో?" అని మొగుడి వెంట పడింది.

మహీధర్‌ది ప్రొద్దుటూరు బజారులో గుడ్డలంగడి. మెత్తని మనిషి. తాతలనాటి ఇల్లు అమ్మడం ఇష్టం లేకపోయినా, ఏడాది పాటు రోజూ అదే మాట వినీ వినీ సరేనన్నాడు. కొనడానికి మనిషిని వెతికింది కూడా వాసవే. వెనక వాటాలో పన్నెండేళ్లుగా బాడుగకుంటున్న మైమూన్‌ను కూర్చోబెట్టి, "బయటోళ్లకిచ్చే బదులు నువ్వే తీసుకో మే, నీ కుట్టు మిషనుకు ముందు గది బాగుంటాది" అని తానే ఒప్పించింది. మైమూన్ రవికెలు కుడుతుంది. ఆమె భర్త ఇమ్తియాజ్ గడియారాలు బాగు చేస్తాడు. ఇద్దరూ కిందా మీదా పడి ఆ ఇల్లు కొనుక్కున్నారు.

పాతవూరంటే, ప్రొద్దుటూరు ఇంత పెద్దది కాకముందు పెన్న ఒడ్డున ఉన్న పల్లె. ఊరు నలువైపులా పెరిగి దాన్ని మధ్యలో పెట్టుకుంది గానీ, లోపలి సందులు మాత్రం అప్పుడెట్లున్నాయో ఇప్పుడూ అట్లే ఉన్నాయి. ప్రతి ఇంటి ముందూ నల్లరాతి బండలు పరిచిన అరుగు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ కావాలంటే ఇరవై అడుగులు. పిండిమర యాభై అడుగులు. పాలు, మందులు, పూలు, గుడి, మసీదు అన్నీ చెప్పులేసుకునే లోపలే వచ్చేసేంత దగ్గర.

కొత్త ఇల్లు జమ్మలమడుగు రోడ్డులో, ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల. నలభై ప్లాట్ల లేఅవుట్‌లో లేచిన ఇళ్లు తొమ్మిది. వాటిలో మనుషులుండేవి అయిదు. మొదటి నెల వాసవి కారును, మాడ్యులర్ కిచెన్‌ను చూసుకుని మురిసింది. రెండో నెల కరివేపాకు అయిపోయింది. కారు నడపడం అప్పటికింకా రాక, రెండు రెబ్బల కరివేపాకు కోసం మహీధర్‌కు ఫోను చేసి, అతను అంగడి మూసి వచ్చేదాకా తాలింపు ఆపుకుని కూర్చుంది. ఆ రోజు మొదటిసారి ఆమెకు మైమూన్ గుర్తొచ్చింది. ఇప్పుడు మైమూన్ పొయ్యి మీద గిన్నె పెట్టి, పోయి కరివేపాకు తెచ్చుకుని, గిన్నె కాగేలోగా వచ్చేసి ఉంటుందనుకుంది. అనుకున్న కొద్దీ గుండెల్లో మిరపకాయ నలిపినట్లయింది.

అంతటితో పోయేదేమో గానీ, అత్తగారు సుశీలమ్మ ఒకటి మొదలుపెట్టింది. డెబ్భై మూడేళ్ల ఆవిడ రోజూ పది గంటలకు చేతిసంచీ పట్టుకుని రోడ్డు దాకా నడిచి, షేరాటో ఎక్కి పాతవూరికి పోవడం, సాయంత్రం కొడుకుతో తిరిగిరావడం.

"రోజూ ఏం పనత్తా ఆడ?" అని వాసవి అడిగితే, "ఈడేం పనుందని?" అనేది సుశీలమ్మ.

ఒకప్పుడు మైమూన్ ముట్టుకున్న చెంబును కడిగించి గానీ లోపల పెట్టనివ్వని మనిషి సుశీలమ్మ. అలాంటిది ఇప్పుడు మైమూన్ ఇచ్చిన గ్లాసులో టీ తాగుతోందని మహీధర్ నవ్వుతూ చెప్పాడు. వాసవికి నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్లు వండి పెట్టింది. ఆవిడ నోటి నుంచి ఒక్కనాడు "బాగుండాది" అన్న మాట విన్న పాపాన పోలేదు. ఆ గట్టి మనిషి కరిగితే మైమూన్ దగ్గర కరగాలా?

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, పూలకని వంక పెట్టుకుని వాసవి పాతవూరికి వెళ్లింది. కారు మెయిన్ రోడ్డులోనే ఆపి సందులోకి నడిచింది. మలుపు తిరగకముందే నవ్వులు వినిపించాయి. తను ముగ్గులేసిన గడప, తను కడిగిన అరుగు. దాని మీద సుశీలమ్మ వేరుశనగకాయలు ఒలుస్తోంది. ఎదురింటి రత్నమణి టీచరు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆవిడ చుట్టూ ఉన్నారు. తలుపు పక్కన మిషను వేసుకుని మైమూన్ కుడుతోంది.

"ఈడ కూచుంటే ఆకలైతాది మైమూనూ," అంటోంది సుశీలమ్మ. "ఆ ఇంట్లో తింటాంటే అన్నం తిన్నట్లుండదు. మాత్ర మింగినట్లుంటాది."

అందరూ నవ్వారు. మైమూన్ కూడా నవ్వింది.

వాసవి మలుపు దగ్గరే నిలబడిపోయింది. ఎవరూ తనను చూడలేదు. వెనక్కి తిరగబోయి ఆగి, ఫోను తీసి ఆ అరుగుకు ఫోటో తీసింది. ఎందుకు తీసిందో ఆ క్షణాన ఆమెకే తెలియదు. కారెక్కి కూర్చున్నాక తెలిసింది. పాతవూరి సందుల్లో కాలువలు వెడల్పు చేస్తారని, ఎవరైనా రాసిస్తే ముందుకొచ్చిన కట్టడాలు తీసేస్తారని మహీధర్ ఆ వారంలోనే చెప్పాడు. ఇంటికి పోకుండా నేరుగా వార్డు సచివాలయానికి పోయింది. దారికి అడ్డంగా అరుగుందని కాగితం రాసి, ఫోటో చూపించి, సంతకం పెట్టి వచ్చింది. మైమూన్ ఇంటి నంబరు ఒక్కటే రాసింది. ఆ పూట ఆమెకు చాలా రోజుల తర్వాత కడుపు నిండా తినాలనిపించింది.

తొమ్మిదో రోజున మునిసిపాలిటీ వాళ్లు వచ్చారు. టేపు పట్టి కొలిచేవాళ్లు ఒక్క ఇల్లు కొలిచి ఊరుకుంటారా? వీధంతా కొలిచారు. కాలువ గీత దాటి వచ్చిన అరుగులు పదకొండని తేలింది. గడువిచ్చి, గడువు దాటాక గడ్డపారలతో వచ్చి తీసేశారు.

ఆ సాయంత్రం కొడుకు బండి దిగిన సుశీలమ్మ కాళ్లు కడుక్కోకుండా సోఫాలో కూలబడింది.

"మీ మామతో నా పెండ్లినాడు ఆ అరుగు మింద కూచోబెట్టి నలుగు పెట్టినారు," అంది గోడ వైపు చూస్తూ. "బండ పగలగొడ్తాంటే చూసినా. లేచి రావాలంటే కాళ్లు రాల్యా."

వాసవి మంచినీళ్లిచ్చింది. ఆవిడ తాగలేదు.

మర్నాడు పదకొండు గంటలప్పుడు గేటు దగ్గర మైమూన్ నిలబడి ఉంది. ఆ ఇంటికి ఆమె రావడం అదే మొదటిసారి. వాసవి గేటు తీసింది. తెలిసిపోయిందనుకుంది. కానీ మైమూన్ లోపలికొచ్చి, కుర్చీ చివర కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అక్కా, నువ్వేమనుకోవాకు. మీ పెద్దోళ్లు కట్టించిన అరుగు. నా చేతికొచ్చినాక నిలబెట్టుకోల్యాకపోతి. టీచరమ్మ, నేను ఆపీసుకు పోయి బతిమాలినాం. వాళ్లేం చేస్తారు, రూలంట. నీకు నేనే చెప్పాల్నని వచ్చినా."

వాసవి టీ పెట్టడానికని వంటింట్లోకి పోయి, గట్టు పట్టుకుని నిలబడింది. తిట్టడానికి వచ్చి ఉంటే ఎదురు తిట్టేది. అడగడానికి వచ్చి ఉంటే అబద్ధమాడేది. క్షమించమని వచ్చిన మనిషిని ఏం చేయాలో తోచలేదు. పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. ఆమె ఖాళీ చేతులతో బయటికొచ్చింది.

"నేనే రాసిచ్చినా మైమూనూ."

"ఏందక్కా?"

"అరుగు సంగతి. సచివాలయంలో. కాగితం మింద నా సంతకముండాది."

"ఎందుకు?" అంది మైమూన్.

"నువ్వు ఆడుండావు. నేను ఈడుండా. అంతే."

"కొనుక్కోమని నా ఎంట పడింది నువ్వే గదక్కా!"

వాసవి వంటింట్లోకి పోయి పొయ్యి ఆపి వచ్చింది.

"నామింద కోపముంటే ఇంటికొచ్చి కొట్లాడొచ్చు గదా," అంది మైమూన్ లేస్తూ. గొంతు పెంచలేదు. "పదకొండిండ్లు. ఆ ముసిలోళ్లు ఇంగ యాడ కూచోవాల?"

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఎండలో రోడ్డు దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ రోజు నుంచి వాసవి ఎదురు చూసింది. ఇవాళ అత్తగారు వచ్చి కడిగేస్తుంది, రేపు మొగుడు నిలదీస్తాడు అని. వారం గడిచింది. ఎవరూ ఏమీ అనలేదు. మైమూన్ ఎవరికీ చెప్పలేదని అర్థమైంది. అది కూడా ఆమెను కాల్చింది. అదే మైమూన్ తనకా పని చేసి ఉంటే, పొద్దుగుంకేలోగా వీధి వీధంతా చెప్పి వచ్చేది కాదా తాను? ఆ గుణం కూడా మైమూన్‌కే ఉండాలా?

సుశీలమ్మ మాత్రం మళ్లీ సంచీ పట్టుకుని బయల్దేరింది.

"అరుగు లేదు గదత్తా, యాడ కూచుంటారు?"

"కుర్చీలేసుకుంటిమి. బండి వస్తే ఎత్తుకుంటాం, పోతే ఏసుకుంటాం."

ఇంకో నాలుగు రోజులకు వాసవి కూడా ఆవిడ వెంట షేరాటో ఎక్కింది. వీధిలో పగిలిన రాళ్లు ఇంకా పూర్తిగా ఎత్తలేదు. అరుగులు పోయిన ఇళ్లు పళ్లూడిన నోళ్లలా ఉన్నాయి. ప్లాస్టిక్ కుర్చీల్లో ఎప్పటి వాళ్లే ఉన్నారు. "రా వాసవీ, శానా నాళ్లకు వస్తివి," అంటూ రత్నమణి టీచరు తన కుర్చీ ఇచ్చింది. మైమూన్ మిషను మీద నుంచి తలెత్తలేదు.

వాసవి కూర్చోలేకపోయింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడే చెప్పింది. ఫోటో తీసిన దగ్గర నుంచి సంతకం దాకా ఏదీ దాచలేదు. మిషను ఆగిపోయింది. రత్నమణి టీచరు ఆమె వైపు ఒక చూపు చూసి, లేచి ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. పోయిన పదకొండిటిలో ఒకటైన ఆవిడ అరుగు, వాళ్ల నాయన యేసురత్నం తన చేతులతో పరిచినది. మిగిలిన ఇద్దరూ కుర్చీలు తీసుకుని వెళ్లిపోయారు.

సుశీలమ్మ సంచీ తీసుకుని లేచింది. "పా," అంది కోడలితో.

పిండిమర దగ్గర ముసలావిడ ఊపిరి కోసం ఆగింది.

"ఆ పొద్దు అన్నం మాట ఇన్నావా?"

"ఇన్నా."

"ఆ మాట నిజమే. లేదనను," అంది సుశీలమ్మ. "కానీ నీ మొగంలో చెప్పాల్సింది. వీధిలో చెప్పినా. అది నా తప్పు. నువ్వు చేసింది నీ తప్పు. నా దాంతో నీది కడుక్కోవాకు."

కడుక్కోవడానికి వాసవికి నీళ్లెక్కడివి? ప్రతి బుధవారం అత్తగారితో పాటు వెళ్లడం మాత్రం మొదలుపెట్టింది. మొదట్లో ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. రత్నమణి టీచరు తలుపు మూడు నెలలు తీయలేదు. తీసిన రోజున కూడా, "నిన్ను క్షమించమని ప్రార్థన చేస్తాండా, ఇంకా మనసు రాల్యా" అని ముఖం మీదే చెప్పింది. వాసవి తలూపింది. వాళ్లందరూ నవ్వుకుంటుంటే ఆమెకు అప్పటికీ ఓర్వలేనితనం పుట్టేది. ఆ మాట దాచుకోకుండా ఒకసారి మహీధర్‌తో అంటే, "పుట్టనీ, నువ్వు మాత్రం పో" అన్నాడతను.

మాఘమాసంలో ఒక బుధవారం. వాసవి తలుపుకు కొంచెం పక్కగా కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఇన్ని బుధవారాల్లో వాసవితో మాట కలపని మైమూన్, సూదిలోకి దారం ఎక్కిస్తూ రెండు సార్లు తప్పిపోయి విసుక్కుంది.

"అక్కా, అట్ల జరుగు. ఎలుతురుకు అడ్డమొస్తాండావు."

వాసవి కుర్చీ ఎత్తుకుని అవతలికి జరిగింది.