వంగితే వచ్చే వాసన

బసవమ్మ ముక్కుకి ఆగిరిపల్లి చుట్టుపక్కల పెద్ద పేరు. వరిగడ్డిలో మాగబెట్టిన రసాల మామిడికాయల మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చిందంటే, ఏ వరస రేపటికి పండుతుందో, ఏ మూల కాయ చెడిందో చెప్పేస్తుంది. భర్త దశరథరామయ్యకి తన తోట మీద ఉన్న నమ్మకం కన్నా భార్య ముక్కు మీదే ఎక్కువ. అలాంటి ముక్కు పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవిలో కుళ్ళు వాసన పట్టిందంటే ఎవరు కాదంటారు?

"అచ్చమ్మా, దెబ్బ తిన్న కాయ కలిపేశావు" అంది బసవమ్మ, గడ్డి దగ్గర నుంచి లేస్తూ.

కాయలు ఏరి గడ్డిలో పేర్చడం అచ్చమ్మ పని. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ తోటలోనే చేస్తోంది. "లేదమ్మగారూ, ఒక్కోటీ తడిమి చూసే పెట్టాను" అంది.

"అయితే నా ముక్కు అబద్ధమాడుతోందా?"

కూలీలందరి ముందూ అడిగిందా మాట. రేపటి నుంచి రావద్దని కూడా అందరి ముందే అంది. అచ్చమ్మ తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయింది. మామిడి సీజనులో ఇలాంటి కబురుకి కాళ్ళు అక్కర్లేదు. అచ్చమ్మ చెయ్యి పడితే కాయ కుళ్ళుతుందట అని పక్క తోటలవాళ్ళు కూడా ఆమెని పిలవడం మానేశారు.

బసవమ్మ గడ్డంతా తిరగేయించింది. కుళ్ళిన కాయ ఒక్కటీ దొరకలేదు. ఎలుకేదైనా చచ్చిందేమోనని మూలమూలలా వెతికించింది. అదీ లేదు. "నాకేం వాసన రావట్లేదే" అని దశరథరామయ్య అంటే, "చుట్ట కంపు తప్ప మీకేం తెలుస్తుంది లెండి" అని కసిరింది.

మర్నాడు వాకిట్లో ముగ్గు వెయ్యడానికి వంగింది. అదే కంపు! ముగ్గుపిండిలోనా? లేచి నిలబడితే లేదు. మళ్ళీ వంగితే వచ్చింది. బియ్యం డబ్బా మీదికి వంగి చూసింది. దేవుడి దీపం దగ్గర వంగి చూసింది. ఎక్కడ వంగినా అంతే. ఇదేం చోద్యమని ఇల్లంతా వంగుతూ తిరిగింది. గడ్డి దగ్గర కూడా తను వంగే కదా వాసన చూసింది! కంపు కాయల్లో కాదు, తన ముక్కులోనే ఉందేమోనని భర్త దగ్గరికి పరిగెత్తింది. "ఏవండీ, బెజవాడ పోదాం పదండి" అంది.

బెజవాడలో ముక్కు డాక్టరు పాండురంగారావు ఆమె బుగ్గలు నొక్కి చూశాడు. ఎడమవైపు నొప్పి అంది. ఆయన కిటికీలు మూసి, లైటు ఆర్పి, చిన్న బల్బు ఉన్న కడ్డీ నోట్లో పెట్టి పెదాలు మూయమన్నాడు.

"ఓసినీ! నీ కుడిబుగ్గ ఎర్రగా వెలుగుతోందే!" అన్నాడు దశరథరామయ్య.

బసవమ్మ సైగ చేసి అద్దం తెప్పించుకుంది. కుడి కన్ను కింద ఎర్రటి వెలుగు, ఎడమ కన్ను కింద చీకటి. ఎక్స్‌రే కూడా ఎడమవైపే తేడా చూపించింది.

"బుగ్గ ఎముకల్లో ఇటూ అటూ ఖాళీ గదులుంటాయమ్మా. సైనస్ అంటాం. వాటిలో గాలే ఉండాలి. మీ ఎడమ గదిలో చీము నిండింది" అన్నాడు డాక్టరు.

"గదికి తలుపు లేదాండీ? కారిపోవచ్చుగా?"

"ఉంది, కానీ పైకప్పు దగ్గర. అది ముక్కులోకి తెరుచుకుంటుంది. మీరు నిలబడితే చీము అడుగునే ఉంటుంది. వంగితే ఆ తలుపు దాకా వచ్చి ముక్కులోకి జారుతుంది. జలుబుతో వచ్చే సైనస్ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. ఇలా ఒక్కవైపే, ఇంత కంపుతో వస్తే మాత్రం పన్ను చూడాలి."

సీజనుకి ముందు ఎడమవైపు పైపన్ను సలిపిన మాట నిజమే. లవంగనూనెతో తగ్గిపోయిందనుకుంది.

"తగ్గలేదమ్మా, నరం చచ్చి నొప్పి తెలియలేదు. ఆ పన్ను వేరు సరిగ్గా గది నేలకింద ఉంది. కుళ్ళు అటునుంచి పైకెక్కింది. పన్ను తీయకుండా ఎన్ని బిళ్ళలు మింగినా మళ్ళీ వస్తుంది."

పళ్ళ డాక్టరు ఆ పన్ను పీకాడు. బిళ్ళల కోర్సు వాడాక కూడా గది ఖాళీ కాలేదు. అప్పుడు పాండురంగారావు ముక్కుకి తిమ్మిరి మందు పెట్టి, లావుపాటి సూదిని ఆ గదిలోకి పోనిచ్చి ఉప్పునీళ్ళతో కడిగాడు. ఎముక కరకరమనడం బసవమ్మ తన చెవులతో తనే వింది. పచ్చటి నీళ్ళు ముక్కులోంచి పళ్ళెంలో పడ్డాయి.

"ఇదే! ఈ కంపే!" అని పెన్నిధి దొరికినట్టు అరిచింది. ఆ వెంటనే ఆమె మొహం మాడిపోయింది. పళ్ళెంలో ఉన్న ఈ కుళ్ళుని అచ్చమ్మ నెత్తిన రుద్దింది తను. సిగ్గుతో చచ్చిపోయింది.

బస్సు దిగి నేరుగా అచ్చమ్మ ఇంటికే వెళ్ళింది. "పొరపాటు నాదే అచ్చమ్మా. రేపు పనిలోకి రా."

అచ్చమ్మ చేట పక్కన పెట్టింది. "ఇక్కడ చెప్తే ఎవరు వింటారమ్మగారూ? నన్ను అన్నది ఇక్కడ కాదు కదా."

మర్నాడు మాగబెట్టే గది ముందు కూలీలందరూ చేరారు. పక్క తోట మేస్త్రీ కూడా వచ్చాడు. "నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారులే" అని దశరథరామయ్య గొణిగాడు. బసవమ్మ వినిపించుకోలేదు.

"అచ్చమ్మ పేర్చిన గడ్డిలో ఒక్క కాయా కుళ్ళలేదు" అంది గట్టిగా. "కుళ్ళింది నా పన్ను. ఆ కంపు నాది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అచ్చమ్మ నవ్వలేదు. లోపలికి వెళ్ళి గడ్డి ఒకపక్కకి తీసి, "ఇప్పుడు చూడండమ్మగారూ" అంది.

బసవమ్మ భయపడుతూనే వంగింది. కుళ్ళు లేదు. గుప్పుమని రసాల వాసన కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వరస పండిందో లేదో చెప్పడం కూడా మర్చిపోయి, అందరూ చూస్తుండగా, అచ్చమ్మ కాళ్ళ దగ్గర అలాగే వంగి ఉండిపోయింది.