కూడితే తొమ్మిది

నేను ఒక ఫోన్ నంబరుని. ఫోనుని కాదు, సిమ్మునీ కాదు. వాటికి ఒళ్ళుంది, జేబులో పెట్టుకోవచ్చు, కోపమొస్తే విసిరి కొట్టవచ్చు. నాకు ఉన్నదల్లా పది అంకెలు. చివర నలభై ఏడు. అన్నీ కూడితే నలభై ఐదు, నాలుగూ అయిదూ కలిస్తే తొమ్మిది. ఆ తొమ్మిది చూసుకుని కొన్నాళ్ళు నేను కూడా మిడిసిపడ్డాను. మనుషులు పదిసార్లు మెచ్చుకుంటే అంకెకైనా తలపొగరు వస్తుంది.

నా మొదటి యజమాని తణుకు గంగరాజు, లారీ ఆయనది. దుకాణంలో నలభై నంబర్లు కూడి, తీసి, చివరికి నన్ను ఏరుకున్నాడు. లారీ వెనక పసుపు రంగుతో నన్ను రాయించి, కింద ఒక నిమ్మకాయ కూడా వేయించాడు. ఆరేళ్ళు దేశమంతా తిరిగాను. ఆ తర్వాత ఆయన లారీ అమ్మేశాడు, నాకు రీచార్జి చేయడం మానేశాడు. కొన్ని నెలలు నేను ఎవరికీ చెందకుండా పడి ఉన్నాను. తర్వాత ఒక కంపెనీ నాలాంటివాళ్ళని గంపగుత్తగా కొని, ఇంటర్నెట్లో అద్దెకు పెట్టింది. ఆ కంపెనీ ఎక్కడుందో, దానికి గుమ్మమంటూ ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడ మా పని ఒక్కటే. ఎవరైనా ఎక్కడైనా ఖాతా తెరవాలి, సొంత నంబరు ఇవ్వడం ఇష్టం లేదు, అప్పుడు మమ్మల్ని తీసుకుంటారు. వచ్చిన ఆరంకెల కోడును మేము తెర మీద చూపిస్తాం. కోడు ఎవరి పేరున వచ్చింది, చూస్తున్నది ఎవరు అని అడిగే హక్కు మాకు లేదు. గంగరాజుకు రావలసిన లారీ ఫిట్‌నెస్ సందేశాలు ఇప్పటికీ నాకే వస్తుంటాయి. ఎవరు అద్దెకుంటే వాళ్ళకే అవి చూపిస్తాను. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

తెర మీద నన్ను తెరిచి పెట్టుకున్నంతసేపే నాకు మనుషుల మాటలు వినిపిస్తాయి. అలా ఒక ఆదివారం ఉదయం హైమావతి గొంతు విన్నాను. విశాఖ వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో నీళ్ళ పరీక్షలు చేసే కెమిస్టు ఆమె. ఫ్యాక్టరీ పక్కనుంచి పారే గెడ్డ ఆమె పుట్టిన ఊరు మల్లివలస మీదుగానే పోతుంది. సీసాలో పట్టి తను రాసే లెక్క ఒకటి, పైవాళ్ళు కాగితం మీద పెట్టే లెక్క ఇంకొకటి. ఊళ్ళో పిల్లల చేతుల మీద పొక్కులు లేచాయి. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ అరిచేతులు పగిలిపోయాయి. అందుకే హైమ పేరు చెప్పకుండా 'మా గెడ్డ నీళ్ళు' అని ఒక పేజీ తెరవాలనుకుంది. దానికి కోడు కావాలి. సొంత నంబరిస్తే తెల్లారేసరికి ఉద్యోగం ఉండదు.

"ఇందులో ఏదోటి తీసుకుంటానమ్మా," అంది తెర చూస్తూ.

"ఏదోటి ఏటే? కూడి సూడు. తొమ్మిది రావాల. మీ నాన్న స్కూటరుకి ఎనిమిదొచ్చింది, ఏటయిందో సూసేవు గదా!"

"అంకెలకి అదృష్టాలుంటాయేటమ్మా?"

"ఉంటే ఉంటాయి, నేపోతే నేదు. కూడితే నీ సొమ్మేటి పోతాది?"

హైమ నవ్వింది. సైన్సు చదివిన మనిషే. అయినా వేళ్ళ మీద కూడింది, నా దగ్గర ఆగింది. నాకు ఎంత గర్వంగా ఉందో ఏం చెప్పను! లారీ వెనక నిమ్మకాయ మీద కూర్చున్నప్పుడు కూడా అంత గర్వపడలేదు.

నెలరోజులు ఆమె దగ్గర ఉన్నాను. పేజీ పెరిగింది. పక్క ఊళ్ళ నుంచి జనం ఫొటోలు పంపేవాళ్ళు. ఒకరోజు గొంతుతో రికార్డు చేసిన సందేశం ఒకటి వచ్చింది. ఆమె వింటుంటే నేనూ విన్నాను.

"బాబూ, నువ్వెవులో నాకు తెల్దు. నా పేరు అప్పన్న. మూడో గేటు కాడ పంపు తిప్పేది నానే. వారానికి రెండుసార్లు ఫ్యాక్టరీ మురికినీళ్ళు గెడ్డలోకి ఒగ్గెయ్‌మంటన్నారు. నానే ఒగ్గుతన్నాను, నాకే సిగ్గుగుంది. ఫొటోలు తీసేను. మా మనవరాలు ఆ నీళ్ళే తాగుతాది. నాను సెప్పకపోతే ఇంకెవులు సెప్తారు?"

అప్పన్నది కూడా మల్లివలసే, హైమకు తెలిసిన మనిషే. "పేరెందుకు చెప్పావు మావా!" అని హైమ తనలో తను గొణుక్కుంది. తన గొంతు ఎవరూ గుర్తుపట్టకూడదని ఎప్పుడూ రాతలోనే జవాబిచ్చేది. 'పేర్లు చెప్పొద్దు, ఫొటోలు చాలు' అని రాసింది. కానీ ఆయన సందేశం మాత్రం చెరపలేదు. ఎప్పుడైనా కలెక్టరు ముందు పెట్టడానికి ఒక మనిషి గొంతు ఉండాలనుకుంది. ఆ ఆలోచన తప్పని నేననను.

తప్పు ఆ తర్వాత జరిగింది. నెల గడువు ముగిసినా ఆమె నన్ను పొడిగించలేదు. ఒకసారి కోడు వచ్చేసింది, ఖాతా తెరుచుకుంది, ఇక ఈ నంబరుతో పనేముంది అనుకుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. నన్ను వదిలేసిందని అప్పుడు నాకు రోషం వచ్చింది. ఇప్పుడు ఆ రోషం తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆమె వదిలేసింది నన్ను మాత్రమే కాదు. ఆ పేజీ తలుపు తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమెకు చెప్పే నోరు నాకు లేదు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం భోజనాల వేళ ఇంకొకాయన వచ్చాడు. ఫ్యాక్టరీ సెక్యూరిటీ ఆఫీసరు కామేశ్వరరావు. ఓపికస్తుడు, ఎవరినీ గట్టిగా కసరడు. నన్ను అద్దెకు తీసుకుని, ముందు పెట్టుకుని, ఫ్యాక్టరీ యజమానికి ఫోను చేశాడు.

"దొరికిందండి. ఆ పేజీలో పాస్‌వర్డు మర్చిపోయానని నొక్కితే, నలభై ఏడుతో ముగిసే నంబరుకి కోడు పంపమంటారా అని అడిగింది. మన స్టాఫులో నలభై ఏడు వాళ్ళు ఇద్దరే, ఇద్దరూ కాదు. అంటే అద్దె నంబరే. అద్దె జాబితాలో నలభై ఏడువి తొమ్మిది ఖాళీగా ఉన్నాయి... లేదండి, అన్నీ తీసుకోలేదు. కూడి చూశాను. మనవాళ్ళు కూడకుండా నంబరు తీసుకుంటారా అండి? నా కారుకీ తొమ్మిదే, మీ కారుకీ తొమ్మిదే. ఇందులో తొమ్మిదొచ్చేవి రెండే. మొదటిది కాదు. ఇది రెండోది."

ఆయన మీట నొక్కాడు. కోడు నా దగ్గరికి వచ్చింది. హైమకు ఎలా చూపించానో ఆయనకూ అలాగే చూపించాను. ఆరంకెలు, ఒక్కటి కూడా తప్పులేదు. ఒక్క అంకె తారుమారు చేయగలిగితే ఎంత బాగుండేది! మాకు ఆ విద్య నేర్పలేదు.

పేజీ తెరుచుకుంది. ఆయన వెతికింది పేజీ నడిపే మనిషి పేరు. అది ఎక్కడా లేదు. హైమ తనను తాను బాగా దాచుకుంది. దాచుకోవాలని తెలియని మనిషి మాత్రం అక్కడే ఉన్నాడు. "నా పేరు అప్పన్న, మూడో గేటు కాడ..." ఆ గొంతు ఆయన రెండుసార్లు విన్నాడు. రెండోసారి వింటూ క్యారియరు మూత పెట్టుకున్నాడు.

తర్వాత టైపు చేస్తూ, తప్పులు పోకుండా పైకి చదువుకున్నాడు. "అప్పన్నా, ఇంకా ఫొటోలు కావాలి. రేపు పొద్దున్న ఆరింటికి గెడ్డ ఒడ్డున పాత గొట్టం దగ్గరికి రా. ఫోను తెచ్చుకో. ఎవరికీ చెప్పకు."

జవాబు వెంటనే వచ్చింది, అప్పన్న గొంతులోనే. "అలాగే బాబూ. నిన్ను సూడాలనే ఉంది నాకు."

అదే సమయానికి నా దగ్గరికి ఇంకో కోడు వచ్చింది. తర్వాత ఇంకొకటి. పాస్‌వర్డు మారిపోయి ఖాతా నుంచి బయటపడిపోయిన హైమ, ఎక్కడో కూర్చుని, 'కోడు పంపు' అని నొక్కుతోంది. ఏడుసార్లు నొక్కింది. ఏడూ కామేశ్వరరావు కళ్ళ ముందే పడ్డాయి. "పాపం," అన్నాడాయన, నిజంగానే జాలిపడినట్టు. నన్ను మూసేశాడు. ఆయన నన్ను తీసుకున్నది ఒక్కరోజుకే.

మళ్ళీ నేను వెలుగు చూసింది పదమూడో రోజున. హైమే! నన్ను మళ్ళీ అద్దెకు తీసుకోవచ్చని ఇన్నాళ్ళకు తోచి, జాబితాలో వెతికి పట్టుకుంది. కోడు ఇచ్చాను. రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి పేజీ తెరుచుకుంది. అందులో తను రాయని సందేశం తన పేజీ పేరుతోనే ఉంది. దాని కింద "నిన్ను సూడాలనే ఉంది నాకు" అన్న గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు.

వెనక నుంచి అప్పలనరసమ్మ గొంతు వినిపించింది. "గెడ్డ కాడ అప్పన్న సైకిలు దొరికిందట. మనిషి జాడ నేదట. పన్నెండు రోజులయింది. ఆ పేజీవోళ్ళే పిలిసేరని వాళ్ళ కోడలు ఏడుత్తంది. పోలీసులు ఆ పేజీవోళ్ళ కోసం ఎతుకుతన్నారట."

హైమ ఆ సందేశం తేదీ చూసింది. 'నేను రాయలేదు' అని ఆమె చెప్పాలంటే ముందు 'పేజీ నాదే' అని చెప్పాలి. ఆ రోజు ఈ నంబరు ఎవరి దగ్గరుందో చెప్పగలిగింది గుమ్మంలేని ఆ కంపెనీ ఒక్కటే.

అప్పటినుంచి హైమ నన్ను వదలడం లేదు. గడువు దగ్గరపడక ముందే పొడిగిస్తోంది. రోజూ నన్ను తెరిచి, అప్పన్న సందేశం విని, కలెక్టరు గారికి అని ఒక ఉత్తరం మొదలుపెడుతుంది. కింద తన పేరు రాయవలసిన చోట ఆగిపోతుంది. నా దగ్గరికి ఇప్పుడు కోడులు రావు. మొన్న గంగరాజు లారీ ఫిట్‌నెస్ సందేశం ఒకటి వస్తే, ఆమె ఉలిక్కిపడి లేచింది.

నిన్న వాళ్ళమ్మ పగిలిన చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ, ఏమీ తెలియక, మామూలుగా అడిగింది.

"అప్పుడు కూడి తీసుకున్నావు గదే, ఆ నంబరు అచ్చొచ్చిందేటే నీకు?"

హైమ నా వైపు చూసింది. ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి, మొదటినుంచి మళ్ళీ కూడడం మొదలుపెట్టింది.