నాలుగు బేరింగుల చప్పుడు

కుక్క ఊళ వేసినట్టుంటుంది మేస్త్రీ గారూ అంది పళ్ళ డాక్టరమ్మ, బండి అరవై దాటగానే మొదలవుతుంది, కాళ్ళ కింద నుంచి వస్తుంది, నేను పళ్ళు అరగదీసే మిషను దీని ముందు జోలపాట అనుకోండి, అని కూడా అంది, ఇదే మాట ఆరు నెలల కిందటా చెప్పింది, అప్పుడు మేస్త్రి ఇదే కారుని పెద్ద రోడ్డు మీద డెబ్బై దాకా నడిపి చూసి, ఏమీ లేదమ్మా, పాత బండి కదా, మనలాగే కాస్త మూలుగుతుంది అని నవ్వేసి పంపించాడు, ఆవిడా నవ్వి వెళ్ళింది, ఇప్పుడు మళ్ళీ తెచ్చింది, ఈసారి నవ్వలేదు, తాళాలు బల్ల మీద పెట్టి, మీరు సరిగ్గా చూసి చెప్పేదాకా నడపను అంది, అందుకే కారు నాలుగు స్టాండ్ల మీద ఉంది, కింద మేస్త్రి వెల్లకిలా పడుకుని, తుప్పు పొడి పడకుండా ఒక కన్ను మూసుకుని, సైలెన్సరు పైపు చివరి బోల్టుతో కుస్తీ పడుతున్నాడు, ముప్ఫై అయిదేళ్ళ బండి, రెండే సీట్లు, ఎక్కి కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకుని కూర్చున్నట్టుంటుంది, ఇంజను ముందు, గేరుబాక్సు వెనక, రెంటికీ మధ్య మనిషి పొడుగు ఇనప గొట్టం, గొట్టం లోపల షాఫ్టు, దాన్ని నాలుగు చోట్ల పట్టుకుని నాలుగు బేరింగులు, ఇంజను ఎంత తిరిగితే అవీ అంత తిరగాలి, పాపం వాటి దగ్గరికి ఎవరూ వెళ్ళరు, గ్రీజు పెట్టే దారే లేదు, పుట్టినప్పుడు పూసిన గ్రీజే, ఎండిపోయేదాకా అదే, బోల్టు కదిలింది, హమ్మయ్య.

గేరుబాక్సు జాకీ మీదికి దిగేసరికి మధ్యాహ్నమైంది, గొట్టం వెనక్కి లాగి, భుజాన వేసుకుని, వీధి దాటి బావమరిది లేతు షెడ్డుకి మోసుకెళ్ళాడు, పెద్ద ప్రెస్సు ఉన్నది అక్కడే, ఫిరంగి మోసుకొస్తున్నావేంటి బావా, ఎవరి మీదికి యుద్ధం, అన్నాడు బావమరిది, మాట్లాడకుండా పట్టు, అన్నాడు మేస్త్రి, ఇద్దరూ కలిసి నొక్కితే షాఫ్టు జారి వచ్చింది, దాని వెనకే బేరింగులు ఒక్కొక్కటీ బయటపడ్డాయి, మొదటి రెండూ ఫరవాలేదు, మూడోదాని గ్రీజు కొవ్వొత్తి మైనంలా గట్టిపడింది, నాలుగోదానిలో ఇనప గుళ్ళని పట్టుకునే పట్టీ విరిగి ముక్కలైంది, బావమరిది దాన్ని వేలికి తగిలించి గిర్రున తిప్పి, నిమ్మకాయ కొరికినట్టు మొహం పెట్టి, అబ్బ, ఇసక నమిలినట్టుంది, ఇది ఊరంతా వినపడేలా ఏడ్చుంటుందే బావా, ఆరు నెలల కిందట నువ్వు నడిపి చూశావుగా, నీకెలా వినపళ్ళేదు అన్నాడు, మేస్త్రి దాన్ని తీసుకుని తనూ తిప్పాడు, వేలికి తెలిసింది, పిల్లి నాలుకలా గరుకు, లోపల గుళ్ళు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి, కానీ చప్పుడు లేదు, లేతు నడుస్తోంది కదా, దాని గోలలో ఎలా వినపడుతుంది అనుకుని తలెత్తి చూస్తే లేతు ఆగి ఉంది, బెల్టు కదలకుండా వేలాడుతోంది.

జలుబు చేసి ఉంటుంది, చెవిలో గుబిలి ఉంటుంది, మొన్న వానలో తడిశాను కదా, అని వీధి దాటుతూ అనుకున్నాడు, ఆరు నెలల జలుబు ఉంటుందా అని తన షెడ్డు గుమ్మంలో తనని తనే ప్రశ్నించుకున్నాడు, చెవి మేస్త్రి అంటారు తనని ఈ చుట్టుపక్కల, బానెట్టు ఎత్తకుండానే రోగం చెప్తాడని, పని నేర్పిన పెద్దమేస్త్రి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి పిడి చెవి వెనక ఎముకకి ఆనించేవాడు, ఇనుము అబద్ధమాడదురా, చెవొగ్గితే చాలు అనేవాడు, ఇనుము నిజమే చెప్పింది, తను ఒగ్గిన చెవే అబద్ధమాడింది, ఆ పట్టీ ముక్క ఇంకో నెలకి ఎక్కడో ఇరుక్కుని షాఫ్టు పట్టేసి ఉంటే, డాక్టరమ్మ వంద మీద పోతూ ఉంటే, వద్దు, ఆ ఆలోచన వద్దు, అయినా ఎప్పట్నించి ఇది, పిల్ల ఫోనులో నాన్నా లైను బాగాలేదా అని అడుగుతుంది, అవునమ్మా బాగాలేదు అంటాడు, ఇంట్లో ఆవిడ కూడా, ఆవిడ తపాలాఫీసు నుంచి వచ్చి ఒకప్పుడు ఎంత మాట్లాడేది, కౌంటరు దగ్గర ఎవరేమన్నారో, ఎవరి పార్సిలు చిరిగిందో, వంటింట్లోంచే సగం ఊరి కథ చెప్పేది, రెండేళ్ళుగా నెమ్మదించింది, వయసు వచ్చింది, మంచిదే అనుకున్నాడు తను, మీ అక్క గొణగడం మానేసింది తెలుసా అని బావమరిది దగ్గర గొప్పగా చెప్పాడు కూడా, వాడు, ఎవరూ, మా అక్కా, అని ఒక తీరుగా చూశాడు, ఆ చూపేమిటో అప్పుడు పట్టించుకోలేదు.

పని పనే, కొత్త బేరింగులకి చుట్టూ రబ్బరు ఉంది, సబ్బునీళ్ళు రాసి, షాఫ్టుకి గరుకు కాగితం పట్టించి, గొట్టంలో ఏది ఎంత లోతున ఉండాలో కొలిచి పొడుగు కడ్డీ మీద సుద్దతో నాలుగు గీతలు గీసుకుని, ఒక్కొక్కటే లోపలికి నెట్టాడు, వీటికి చెవి అక్కర్లేదు, గీత చాలు, గీత గొట్టం అంచుకి వస్తే ఆగడం, అంతే, రెండోది కాస్త వంకరగా వెళ్ళింది, బయటికి తీసి మళ్ళీ నెట్టాడు, మర్నాడు షాఫ్టు, గొట్టం, గేరుబాక్సు, సైలెన్సరు, వచ్చిన వరసకి తిరుగు వరసలో అన్నీ ఎక్కించాడు, ప్రతి బోల్టూ బిగించాక తెల్ల రంగుతో చుక్క పెట్టాడు, చేతికి తెలుసు, కంటికి తెలుసు, ఇక నడిపి చూడడమే మిగిలింది, అక్కడ ఆగిపోయాడు, చప్పుడు పోయిందని ఎవరు చెప్పాలి, తనకి ముందూ వినపళ్ళేదు, ఇప్పుడూ వినపడదు, మంచి బేరింగూ చచ్చిన బేరింగూ తన చెవికి ఒకటే, చేతులు తుడుచుకుని ఇంట్లోకి వెళ్ళి, నీకివాళ సెలవేగా, అలా ఓ చుట్టు తిరిగొద్దాం రా, అన్నాడు, ఆమె కత్తిపీట పక్కన పెట్టి అతని నుదురు తాకి చూసింది, జ్వరం లేదు.

ఇంత కిందకా కూర్చునేది, మళ్ళీ లేవాలంటే మీరే లాగాలి, అంది ఆమె కారెక్కుతూ, అతని వైపు తిరిగి అంది కాబట్టి అది వినపడింది, పెద్ద రోడ్డెక్కాక యాభై, అరవై, డెబ్బై, మేస్త్రి గేరు కర్ర మీద అరచేయి పెట్టి ఉంచాడు, వణుకు లేదు, కాళ్ళ కింద నుంచి ఏమైనా వస్తోందా, ఊళలాగా, అని అడిగాడు, ఆమె తల అడ్డంగా ఊపింది, తర్వాత అద్దం వైపు తిరిగి ఇంకేదో అంది, పెదవులు కదలడం అతని కంటి చివర కనపడింది, అతను అలవాటు ప్రకారం ఊఁ అని తల ఊపాడు, ఊపి, ఇదేమిటి, దేనికి ఊఁ అన్నాను నేను, అనుకుని, బండి పక్కకి తీసి, ఒక గోదాము గోడ నీడలో ఆపి, ఇంజను కట్టేసి, నువ్వన్నది నాకు వినపళ్ళేదు, ఊరికే తల ఊపాను అన్నాడు, ఆమె అతని మొహంలోకి చూసి, నా వైపు అద్దం దగ్గర సన్నగా ఈల వస్తోంది అన్నాను, అంది, వినపళ్ళేదు, అన్నాడతను, దాని గురించే కాదు, ఈ బేరింగు కూడా నాకు వినపళ్ళేదు, ఆరు నెలల కిందటే పోయింది, రేపు డాక్టరమ్మకి ఆ మాట చెప్పాలి, నువ్వు కూడా, నువ్వు మాట్లాడడం మానేశావనుకున్నాను నేను, అన్నాడు, నేనెక్కడ మానాను, అంది ఆమె, పొద్దున కూడా చెప్పాను కదా, పిల్ల పరీక్ష పాసయిందని, మీరు పేపరు చూసుకుంటూ తల ఊపారు, ఎప్పుడూ తల ఊపుతారు, ఒక్క మాట తిరిగి అనరు, నా మాటలంటే విసుగొచ్చిందేమోలే అనుకున్నాను, అయినా నోరు ఊరుకోదు కదా, అంది, అతను స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి కూర్చున్నాడు, ఎదురుగా లారీలు పోతున్నాయి, పిల్ల పాసయింది, పొద్దున్నించీ పాసయ్యే ఉంది, చెవి డాక్టరు ఎక్కడున్నాడో పళ్ళ డాక్టరమ్మని అడగొచ్చు, అది రేపటి పని, ఇవాళ్టికి అతనికి అర్థమైంది ఒక్కటే, ఈ రెండేళ్ళలో ఆ ఇల్లు ఒక్కరోజు కూడా నిశ్శబ్దంగా లేదు, ఆమె రోజూ తనతో మాట్లాడుతూనే ఉంది.